పరిశోధన సంస్థ రోజువారీ పనుల్లో పర్యావరణ భారం తగ్గించుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది నల్గొండ టౌన్‌కు కాస్త బయట, నీళ్లు, మట్టి మీద పనిచేసే చిన్న పరిశోధన కేంద్రం. పాలమూరులో ఒక ఫీల్డ్ ఆఫీసు కూడా ఉంది. కరెంటు, నీళ్లు, చెత్త, ప్రయాణాల లెక్కలు చూసే పని నా మీద పడ్డప్పటి నుంచి అవే సందేహాలు క్యాంటీన్‌లో, వాట్సాప్‌లో, ఒక్కోసారి మెట్ల మీద కూడా ఎదురవుతున్నాయి. పక్క సంస్థల వాళ్లు ఫోన్ చేసి అడిగేవీ ఇవే. చెప్పిందే చెప్పలేక రాసిపెట్టాను. దేనికది విడిగా ఉంటుంది, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## మొదలుపెట్టే ముందు

మేమున్నదే ఇరవై మందిమి. ఫ్యాక్టరీ కాదు, పొగ గొట్టం లేదు. మాకెందుకు ఈ లెక్కలు?

ఇక్కడ లెక్కకు వచ్చేది మనుషులు కాదు, యంత్రాలు. ల్యాబు ఉన్న భవనం అదే సైజున్న మామూలు ఆఫీసు కంటే కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు తాగుతుంది. శాంపిల్స్ దాచే, పాతబడిన మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ ఒక్కటే రోజుకు 20 యూనిట్ల దాకా లాగుతుంది. మన దగ్గర ఒక మామూలు ఇంట్లో రోజుకు ఐదారు యూనిట్లు కాలుతాయి. అంటే కారిడార్ చివర గుర్రుగుర్రుమంటూ ఉండే ఆ డబ్బా మూడు కుటుంబాలంత. దానికి ఆదివారం లేదు, పండుగ లేదు.

కరెంటు వాడితే పొగ ఎక్కడిది? మనకు సాగర్ డ్యాం ఉంది కదా, అంతా నీళ్ల కరెంటే కదా?

సాగర్‌లో కరెంటు తయారవుతున్న మాట నిజమే, అక్కడి ప్రధాన జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 815.6 మెగావాట్లు. కానీ అది నీళ్లు వదిలినప్పుడే తిరుగుతుంది. పైగా గ్రిడ్ అంతా ఒకటే చెరువు లాంటిది, ఏ కాలువ నీళ్లు ఏ తూములోంచి వచ్చాయో విడదీసి చెప్పలేం. ఆ చెరువులో పెద్ద వాటా బొగ్గుదే. మన జిల్లాలోనే దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం కట్టారు. దేశం మొత్తం సగటు తీస్తే గ్రిడ్ నుంచి వచ్చే ఒక్కో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ పడుతుంది. రోజుకు 20 యూనిట్లు తాగే యంత్రం ఖాతాలో ఏడాదికి 5 టన్నులు చేరుతుందన్నమాట. పొగ గొట్టం మన భవనం మీద లేదు, అంతే తేడా.

స్కోప్ 1, స్కోప్ 2, స్కోప్ 3 అంటున్నారు, వింటుంటే తల తిరుగుతోంది. లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి?

పేర్లు భయపెడతాయి గానీ విషయం చిన్నది. మనం స్వయంగా కాల్చేది ఒకటో స్కోప్: జనరేటర్ డీజిల్, ఆఫీసు బండి పెట్రోలు, క్యాంటీన్ గ్యాస్, ఏసీల్లోంచి లీకయ్యే గ్యాస్. కొనుక్కునే కరెంటు రెండోది. మిగతాదంతా, అంటే కొన్న సామాను, ఉద్యోగుల రాకపోకలు, విమానాలు, చెత్త మూడోది.

ముందు గత 12 నెలల కరెంటు బిల్లులు, డీజిల్ రిజిస్టర్, బండి లాగ్ బుక్ ఒక టేబుల్ మీద పెట్టండి. కరెంటు యూనిట్‌కు 0.7, లీటరు డీజిల్‌కు 2.7, లీటరు పెట్రోలుకు 2.3, కిలో వంటగ్యాస్‌కు 3. ఈ నాలుగు అంకెలతో గుణిస్తే ఎన్ని కిలోల కార్బన్ డయాక్సైడో వస్తుంది. ఒక మధ్యాహ్నం పని. మూడో స్కోప్ మొత్తం పక్కాగా తేలేదాకా ఆగుతామంటే ఈ జన్మలో మొదలుపెట్టరు. మొదటి ఏడాది ప్రయాణాలు మాత్రం కలుపుకోండి, చాలు.

దీనికి కన్సల్టెంట్‌ను పెట్టుకోవాలా?

మొదటి ఏడాది వద్దు. మీ ఎలక్ట్రీషియన్ దగ్గరున్న క్లాంప్ మీటర్ (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచేది), ప్లగ్గుకూ యంత్రానికీ మధ్య పెట్టే చిన్న యూనిట్ మీటర్ ఒకటి ఉంటే ఎక్కువ సంగతులు బయటపడతాయి.

పెద్దసారును ఎలా ఒప్పించాలి?

భూగోళంతో మొదలుపెట్టొద్దు, బిల్లుతో మొదలుపెట్టండి. నేను మొదటిసారి ధ్రువపు ఎలుగుబంటి ఉన్న స్లైడ్లు చూపించాను. సారు మర్యాదగా తలూపి ఫోన్ చూసుకున్నారు. రెండోసారి ఒకే కాగితం పట్టుకెళ్లాను: ఆఫీసుకు తాళం వేశాక రాత్రిపూట ఎన్ని యూనిట్లు కాలుతున్నాయి, దానికి నెలకు ఎంత కడుతున్నాం. కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకుని చదివారు.

## మొదటి మూడు నెలలు: కరెంటు, ఎండ

రాత్రి ఎవరూ ఉండరు కదా, మరి మీటర్ ఎందుకు తిరుగుతోంది?

మొత్తం పనిలో అసలు ప్రశ్న ఇదే. ఒక వారం పాటు సాయంత్రం తాళం వేసేటప్పుడు ఒక రీడింగ్, పొద్దున తీసేటప్పుడు ఒక రీడింగ్ రాయండి. మా దగ్గర రాత్రి వాడకం పగటి దాంట్లో దాదాపు సగం తేలింది. నమ్మకం కుదరక ఒక రాత్రి తొమ్మిదింటికి వాచ్‌మన్‌ను తోడు తీసుకుని టార్చితో గది గదీ తిరిగాను. రెండు బీకర్లు ఆరబెట్టడానికి హాట్ ఎయిర్ ఓవెన్ వెలుగుతోంది. కంప్యూటర్లు సగం ఆన్‌లో ఉన్నాయి. సర్వర్ గదిలో ఏసీ 18లో ఉంది, లోపల చలికి వణుకొచ్చింది. మీటింగ్ హాల్లో ఎవరూ లేకున్నా ప్రొజెక్టర్ నీలంగా మెరుస్తోంది. వాటర్ కూలర్ ఎవరి కోసమో నీళ్లు చల్లబరుస్తోంది.

వాచ్‌మన్ అన్న మాట ఇప్పటికీ మర్చిపోలేను: "నాలుగేండ్ల సంది రోజూ జూస్తనే ఉన్న సార్. సైంటిస్టుల మిషన్లు గదా, ముట్టుకుంటె ఏమైతదో అని ముట్టుకోలే."

ఆయన తప్పేం లేదు, ఏది ఆపొచ్చో ఎవరూ చెప్పలేదు. మర్నాడు ప్రతి స్విచ్ పక్కన ఒక చుక్క అంటించాం. ఎర్రచుక్క ఉంటే ఎవరూ ముట్టుకోవద్దు. ఆకుపచ్చ ఉంటే చివర వెళ్లేవాళ్లు ఎవరైనా ఆపేయాలి. పసుపు ఉంటే పక్కన రాసిన మనిషికి ఫోన్ చేసి అడగాలి. చుక్కల ఖర్చు వంద రూపాయలు దాటలేదు. పనేమీ చేయకుండా ఊరికే వెలిగే డెస్క్‌టాప్ 60 వాట్లు తీసుకుంటుంది అనుకుందాం. 14 గంటలకు 0.84 యూనిట్. అలాంటివి ఇరవై ఉంటే రాత్రికి దాదాపు 17 యూనిట్లు. కొత్తగా ఏదైనా కొనే ముందు ఈ చుక్కల పని పూర్తి చేయండి.

ఏసీ 24 అంటే మాకు చెమటలు. 18లో పెడితే తొందరగా చల్లబడుతుంది కదా?

మామూలు ఏసీలో 18 పెట్టినా 24 పెట్టినా గది చల్లబడే వేగం ఒకటే. 18లో పెడితే కంప్రెసర్ ఆగకుండా నడుస్తూనే ఉంటుంది, అంతే. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లెక్క. 2020 జనవరి 1 నుంచి స్టార్ గుర్తు ఉన్న గది ఏసీలన్నీ ఆన్ చేయగానే 24లోనే మొదలయ్యేలా తయారవుతున్నాయి.

మే నెలలో మన దగ్గర 45 కొడుతుంది, ఆ బాధ నాకూ తెలుసు. ఏసీ 25 లేదా 26లో పెట్టి సీలింగ్ ఫ్యాన్ నెమ్మదిగా తిప్పండి. ఒంటికి గాలి తగిలితే ఆ రెండు డిగ్రీల తేడా తెలియదు. పరికరాల గదులది వేరే సంగతి. అక్కడ మాన్యువల్లో ఎంత రాసి ఉంటే అంతే ఉంచాలి. అయితే ఆ మాన్యువల్ ఒక్కసారి తెరిచి చూడండి. "మిషన్‌కు 18 కావాలి" అని నోటి మాటగా వచ్చిన నియమం, మా దగ్గర తీరా చూస్తే 15 నుంచి 30 దాకా ఎంతైనా పర్వాలేదని రాసి ఉంది.

పై అంతస్తు పెనంలా కాలుతోంది. ఏసీ ఎంత వేసినా సరిపోదు. ఏం చేయాలి?

స్లాబు మీద తెల్లరంగు వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది, ప్రభుత్వ భవనాలకూ వాణిజ్య భవనాలకూ తప్పనిసరి అంది. సున్నం కొడితే చవక గానీ ఒకటి రెండు వానాకాలాలకు కొట్టుకుపోతుంది. కూల్ రూఫ్ పెయింట్ అయితే కొన్నేళ్లు నిలుస్తుంది. కింది గదిలో రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ముందు పగుళ్లు పూడ్పించి, శివరాత్రి దాటగానే, అంటే ఎండలు ముదరకముందే వేయించాలి. ఏప్రిల్ దాకా ఆగితే పనివాళ్లు స్లాబు మీద నిలబడలేరు.

సోలార్ పెట్టేస్తే అన్నీ తీరిపోతాయి కదా?

రాత్రి ఓవెన్ ఆపకుండా సోలార్ గురించి మాట్లాడటం ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు. వాడకం తగ్గించాక ఎన్ని కిలోవాట్లు కావాలో లెక్కేస్తే ప్యానెళ్లు కూడా తక్కువ పడతాయి.

అంచనాకు ఇవి గుర్తుంచుకోండి: ఒక కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగుల నీడపడని స్లాబు కావాలి, రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి. మన దక్షిణ తెలంగాణ జిల్లాలన్నీ కరెంటు పంపిణీ సంస్థ టీజీఎస్పీడీసీఎల్ పరిధిలోకి వస్తాయి కాబట్టి నెట్ మీటరింగ్ (మిగిలిన సోలార్ కరెంటు గ్రిడ్‌కిచ్చి బిల్లులో తగ్గించుకోవడం) దరఖాస్తు అక్కడే. పీఎం సూర్యఘర్ సబ్సిడీ ఇళ్లకే, సంస్థలకు రాదు. ఈ ఒక్క మాట చెప్పడానికే వారానికి రెండు ఫోన్లు ఎత్తుతున్నాను.

మరో అపోహ కూడా ఉంది. బ్యాటరీ లేకుండా నేరుగా గ్రిడ్‌కు కలిపే ఆన్‌గ్రిడ్ సోలార్, కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా ఆ ఏర్పాటు. కాబట్టి దాన్ని చూసి జనరేటర్‌ను అమ్మేయకండి. క్రషర్ల దుమ్ము పడే చోట ప్యానెళ్లను పది పదిహేను రోజులకోసారి తెల్లవారుజామున, గాజు చల్లగా ఉన్నప్పుడే కడగాలి. ఉప్పగా ఉండే బోరు నీళ్లతో కడిగితే తెల్ల పొర కడుతుంది. ఇక కోతుల సంగతి. అవి వైర్లు పీకుతాయి, ప్యానెళ్ల మీద జారుడుబండ ఆడతాయి. వైర్లన్నీ పైపుల్లో వేయించండి.

జనరేటర్ వాడకం ఎలా తగ్గించాలి?

లీటరు డీజిల్‌కు మూడు, మూడున్నర యూనిట్లకు మించి రావు. తక్కువ లోడు మీద నడిపితే అదీ రాదు. నాలుగు ఫ్యాన్ల కోసం పెద్ద జనరేటర్ వేయడం పావుకిలో కూరగాయలకు లారీ కట్టుకెళ్లినట్టు. ఫ్రీజర్లు, ఇంక్యుబేటర్లకు మాత్రం జనరేటర్ లైన్ విడిగా లాగించి, లైట్లు, కంప్యూటర్లు ఇన్వర్టర్ మీదికి మార్చుకోండి.

పనిచేస్తున్న ఫ్యాన్లు పీకేసి కొత్తవి పెట్టాలా?

పాత ఫ్యాన్ 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల చుట్టుపక్కల. రోజంతా తిరిగే చోట మార్చండి. గంటసేపు తిరిగే చోట పాతది పాడయ్యేదాకా ఉంచండి.

## ల్యాబులోకి దిగాక

ఆర్ఓ మిషన్ నుంచి వదిలేసే నీళ్లు మొక్కలకు పోయొచ్చా? వృథా కాకుండా ఉంటుంది కదా?

వేరే జిల్లాలో అయితే చూసి చెబుతా అనేవాణ్ని. నల్గొండలో మాత్రం పరీక్ష చేయకుండా పోయొద్దు.

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకోవచ్చు అని భారతీయ ప్రమాణం. మన బోర్లలో 3 ఉన్నవి కొత్తేం కాదు. ఆ నీళ్లు 100 లీటర్లు మిషన్‌లో పోస్తే 40 మంచినీళ్లు వచ్చాయనుకోండి, ఫ్లోరైడ్ దాదాపు అంతా మిగతా 60 లీటర్లలోకి చేరుతుంది. అంటే అందులో లీటరుకు 5 మిల్లీగ్రాములు. ఫ్లోరైడ్ ఎక్కడికీ పోలేదు, పక్క పైపులోంచి ఇంకా చిక్కగా బయటికొచ్చింది. దాన్ని పాలకూర మడిలో పోసినా, గేదెల తొట్టిలో పోసినా మళ్లీ మన ఇంటికే వస్తుంది. కొందరు వాననీళ్లు దింపే ఇంకుడు గుంతలోకే ఈ పైపు పెడతారు, అది అన్నిటికన్నా చెడ్డ పని. నేరుగా భూగర్భజలంలో ఫ్లోరైడ్ కలిపినట్టే.

మేం ఆ నీళ్లను విడిగా ఒక ట్యాంకులోకి పట్టి మరుగుదొడ్ల ఫ్లష్‌కు, నేల తుడవడానికి వాడుతున్నాం. నేల మీద తెల్ల మరకలు పడతాయి, చివరి తుడుపు మంచినీళ్లతో చేయాలి.

అసలు ఆర్ఓ అవసరమా అన్నది ముందు చూడండి. మీ దగ్గరికి మిషన్ భగీరథ పైపు నుంచి కృష్ణ నీళ్లు వస్తుంటే, ఒకసారి పరీక్ష చేయించి, బాగుంటే తాగడానికి ఆర్ఓ మానేయొచ్చు. సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరి శాస్త్రవేత్తలు రూపొందించారు. ప్రపంచంలో నీటి శుద్ధి పుస్తకం ఏది తెరిచినా అది "నల్గొండ టెక్నిక్" పేరుతోనే ఉంటుంది. మన ఊరి పేరు అలా ఎక్కినందుకు గర్వపడాలో బాధపడాలో తెలియదు. ఆ పద్ధతిలో అడుగున మిగిలే బురదలోనూ ఫ్లోరైడ్ ఉంటుంది కాబట్టి దాన్ని కాలువలో వదలకూడదు.

డిస్టిల్డ్ వాటర్ తయారీకి అంత ఖర్చవుతుందా?

అవుతుంది. లీటరు నీటిని ఆవిరి చేయడానికి 0.7 యూనిట్ పైనే పడుతుంది. ఆ ఆవిరిని చల్లబరచడానికి మరో పది, పదిహేను లీటర్ల కుళాయి నీళ్లు పోతాయి. చాలా ల్యాబుల్లో ఆ గొట్టం నేరుగా సింక్‌లోకే ఉంటుంది. అవి శుభ్రమైన వేడి నీళ్లు. కింద ఒక డ్రమ్ము పెట్టి గాజు సామాను కడగడానికి వాడుకోండి. సామాను కడిగేటప్పుడు మొదటి రెండు మూడుసార్లు కుళాయి నీళ్లతో, చివరిసారి మాత్రమే డిస్టిల్డ్ వాటర్‌తో తొలిస్తే చాలు. మొత్తం దానితోనే కడగడం అలవాటే గానీ అవసరం కాదు.

మైనస్ 80 ఫ్రీజర్‌ను మైనస్ 70కి మారిస్తే శాంపిల్స్ పాడవవా?

చాలా వాటికి ఏమీ కాదు. విదేశాల్లో ఎన్నో విశ్వవిద్యాలయాలు ఎప్పుడో మార్చేశాయి. ఆ పది డిగ్రీలకే సుమారు 30 శాతం కరెంటు తగ్గుతుంది, కంప్రెసర్‌కు కూడా ఊపిరాడుతుంది. ఏదైనా శాంపిల్‌కు తప్పనిసరిగా మైనస్ 80 కావాలని ప్రొటోకాల్‌లో ఉంటే దాన్ని ఒక్క ఫ్రీజర్‌లో పెట్టి మిగతావి మార్చండి. శుద్ధి చేసిన డీఎన్‌ఏ లాంటివి మైనస్ 20లోనే చక్కగా ఉంటాయి.

అంతకన్నా పెద్ద లాభం సర్దుడులో ఉంది. మా సూక్ష్మజీవుల విభాగం ఫ్రీజర్ ఖాళీ చేస్తే పీహెచ్‌డీలు అయిపోయి, ఉద్యోగాలొచ్చి, పెళ్లిళ్లయి పిల్లలున్నవాళ్ల డబ్బాలు బయటపడ్డాయి. సగం మీద పేరు లేదు, తేదీ లేదు. ఫోన్లు చేసి అడిగితే "అయ్యో, అది ఇంకా ఉందా సార్?" అన్నారు. రెండు ఫ్రీజర్లలోవి ఒకదాంట్లో పట్టాయి. ఒకటి ఆపేశాం. నడిచేదానికి ఫిల్టర్ దుమ్ము నెలకోసారి దులపండి, మంచు గీకండి, గోడకు జానెడు దూరం జరపండి.

రసాయనాలు కొంచెమే కదా, సింక్‌లో పోసి నీళ్లు వదిలితే ఏమవుతుంది?

నీళ్ల ల్యాబు వాళ్లే ఇది అడిగితే నవ్వాలో ఏడవాలో తెలియదు. మురుగునీటిలో మురికి ఎంతుందో ఆక్సిజన్ లెక్కన తేల్చే సీఓడీ పరీక్షనే తీసుకోండి. అందులో పొటాషియం డైక్రోమేట్, మెర్క్యురిక్ సల్ఫేట్, సిల్వర్ సల్ఫేట్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడతాం. అంటే పక్కవాళ్ల నీళ్లు ఎంత మురికో చెప్పడానికి మనం పాదరసం, క్రోమియం తయారుగా పెట్టుకుంటున్నాం. దాన్ని సింక్‌లో వదిలితే సెప్టిక్ ట్యాంకు దాటి ఏ వాగులో కలుస్తుందో చూసుకోండి.

పాత పెద్ద ఫ్లాస్కుల పద్ధతి బదులు చిన్న సీసాల (వయల్స్) పద్ధతికి మారితే ఒక్కో పరీక్షకు వ్యర్థం పదో వంతుకు తగ్గుతుంది. ఫలితం కూడా ప్రామాణికమే. అలాగే ఫ్లోరైడ్‌కు రంగు పరీక్ష బదులు ఎలక్ట్రోడ్ వాడితే రసాయనాలు తక్కువ.

మిగిలిన వ్యర్థాన్ని మూతబిగిసే ప్లాస్టిక్ క్యాన్లలో, పేరు, తేదీ రాసి, కింద ట్రే పెట్టి ఉంచాలి. ఆమ్లం ఉన్న క్యాన్‌లో బ్లీచింగ్ కలిపే పని ఎప్పుడూ చేయకండి, క్లోరిన్ వాయువు వస్తుంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం 90 రోజులకు మించి నిల్వ పెట్టకూడదు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తీసుకుని, గుర్తింపు ఉన్న కేంద్రానికే పంపాలి. హైదరాబాద్ శివారు దుండిగల్‌లో అలాంటి కేంద్రం ఉంది. "క్యాన్ నిండనే లేదు, ఒక్కదానికి బండి ఎవరు పంపుతారు?" అంటారు. దగ్గర్లోని కాలేజీల ల్యాబులతో మాట్లాడి, ఎవరి కాగితాలు వాళ్లవే ఉంచుకుని, ఒకే రోజు బండి తిరిగేలా చూసుకోండి.

ప్లాస్టిక్ టిప్పులు, ట్యూబులు కడిగి మళ్లీ వాడొచ్చా?

పనిని బట్టి. ప్రపంచంలోని జీవశాస్త్ర ల్యాబులు ఏడాదికి 55 లక్షల టన్నుల ప్లాస్టిక్ పారేస్తున్నాయని ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో అంచనా వేశారు. నీళ్లు, మట్టి పరీక్షల్లో సగానికి సగం పనులు గాజు పిపెట్లతో అయిపోతాయి. డీఎన్‌ఏ పనికి మాత్రం కొత్త టిప్పులే వాడండి, పొదుపుకని ఫలితం చెడగొట్టుకోవద్దు. ప్రయోగం మళ్లీ చేయాల్సి వస్తే దాని భారం ఇంకా ఎక్కువ. టిప్పుల పెట్టెలు మాత్రం పారేయకండి, విడి టిప్పులు కొని అందులో నింపుకోవచ్చు. సూక్ష్మజీవులు అంటిన ప్లాస్టిక్ మామూలు చెత్తలోకి వెళ్లకూడదు, ఆటోక్లేవ్‌లో పెట్టి ఆవిరితో సూక్ష్మజీవులను చంపాకే, ఆ చెత్తకు కేటాయించిన రంగు సంచిలో వేయాలి.

ఫ్యూమ్ హుడ్ (రసాయనాల ఆవిర్లను బయటికి లాగే పెట్టె) అద్దం దించితే కరెంటు తగ్గుతుందా?

గాలి వేగాన్ని తనే మార్చుకునే కొత్త హుడ్లలో తగ్గుతుంది. మన చిన్న ల్యాబుల్లో ఎక్కువగా ఒకే వేగం ఫ్యాన్లు, అక్కడ అద్దం దించడం భద్రత కోసమే. లోపల రసాయనం ఏదీ లేనప్పుడు ఫ్యాన్ ఆపితేనే మిగులు. అది తిరిగినంతసేపూ గదిలోని ఏసీ గాలిని బయటికి తోడేస్తుంటుంది.

గాజు సామాను ఓవెన్‌లో కాక ఎక్కడ ఆరబెట్టాలి?

మార్చి నుంచి జూన్ దాకా నల్గొండలో ఓవెన్ కొనుక్కోవాలా? జాలీ స్టాండు మీద బోర్లించి కిటికీ దగ్గర పెట్టండి. టీ తాగి వచ్చేలోపు ఆరుతుంది.

## కొనుగోళ్లు, ఫీల్డు పని, ప్రయాణాలు

టెండర్‌లో తక్కువ ధర వాళ్లకే ఇవ్వాలి కదా, మంచి యంత్రం ఎలా కొనాలి?

నిబంధనలు రాసేటప్పుడే రాయాలి, కొటేషన్లు వచ్చాక కాదు. "రోజుకు ఇన్ని యూనిట్లకు మించకూడదు" అని సాంకేతిక వివరాల్లో పెట్టండి. రోజుకు 10 యూనిట్ల తేడా ఉన్న రెండు ఫ్రీజర్లు పదేళ్లు నడిస్తే తేడా 36,500 యూనిట్లు. యూనిట్ 9 రూపాయలు వేసుకున్నా మూడు లక్షల పైచిలుకు. ఈ లెక్క ఫైలులో జతచేస్తే అకౌంట్స్ వాళ్లు కూడా అభ్యంతరం పెట్టరు. పెట్టినా రెండో రౌండ్‌లో ఒప్పుకుంటారు.

ఏటా ఏసీలో గ్యాస్ నింపిస్తున్నాం. అది మామూలేనా?

కాదు. ఏసీలో గ్యాస్ ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. ఆర్-410ఏ గ్యాస్ ఒక్క కిలో లీకైతే రెండు టన్నుల పైగా కార్బన్ డయాక్సైడ్ వదిలినంత. ఆర్-32 అయితే కిలోకు సుమారు 675 కిలోలంత. ఆర్-290 భారం దాదాపు లేనట్టే. లీకు కట్టకుండా నింపడం చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. మెకానిక్‌ను ముందు లీకు చూడమనండి, పాత గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా సిలిండర్‌లోకి పట్టమనండి. కొత్తది కొనేటప్పుడు స్టార్లతో పాటు ఏ గ్యాసో కూడా అడగండి.

హైదరాబాద్ మీటింగ్‌కు కారులోనే పోవాలా? బస్సులో వెళ్తే విలువ ఉంటుందా?

నల్గొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ ఇంచుమించు వంద కిలోమీటర్లు. కారులో ఒక్కరే వెళ్లొస్తే 30 కిలోల కార్బన్ డయాక్సైడ్. నిండుగా ఉన్న ఆర్టీసీ బస్సులో మనిషి వాటాకు ఒకవైపు రెండు కిలోలు కూడా రాదు. మహబూబ్‌నగర్ వాళ్లకు కాచిగూడ రైళ్లు, మనకు బీబీనగర్ మీదుగా సికింద్రాబాద్ రైళ్లు ఉన్నాయి. విలువ సంగతి అంటారా, మా దగ్గర పెద్దసారు ఒకసారి బస్సు టికెట్ పెట్టి బిల్లు తీసుకున్నారు. ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు. గంటన్నర సమీక్షకైతే వీడియో కాల్ చాలు. యంత్రం కొత్తగా వేసేటప్పుడు, గొడవ తేల్చేటప్పుడు మనిషి వెళ్లాల్సిందే.

ఫీల్డు బండి డీజిల్ ఎలా తగ్గించాలి? ఊళ్లు దూరం దూరం.

ఒక్కో ప్రాజెక్టు వాళ్లు ఒక్కో రోజు అదే దారిలో వెళ్లడమే ఎక్కువ ఖర్చు. సోమవారం పొద్దున పది నిమిషాలు గోడ మీది మ్యాపు ముందు నిలబడితే మునుగోడు, చండూరు, మర్రిగూడ ఒక రోజు, దేవరకొండ వైపు ఇంకో రోజు అని తేలిపోతుంది. శాంపిల్ సీసాలు గట్టివి తీసుకుని కడిగి వాడండి. రైతు దగ్గర కూర్చున్నప్పుడు బండి ఇంజిన్ ఆపమని డ్రైవరన్నకు చెప్పండి. ఏసీ కోసం ఆన్‌లో ఉంచడం అందరికీ అలవాటే, వేపచెట్టు కింద పెడితే సరి.

వర్క్‌షాపు భోజనాలకు ప్లాస్టిక్ లేకుండా ఎలా?

మోదుగాకు విస్తర్లు, స్టీలు గ్లాసులు. గ్లాసులు ఒక్కసారి వంద కొనేయండి. నీళ్ల సీసాలు మానేసి క్యాన్లు పెట్టండి. ఫ్లెక్సీ కొట్టించాల్సి వస్తే తేదీ, ఏడాది లేకుండా సంస్థ పేరుతో ఒకటి బట్ట మీద రాయించి ప్రతిసారీ అదే కట్టండి. శాలువాలు, బొకేల జోలికి నేను పోను, ఇప్పటికే నా మీద కొందరికి కోపం ఉంది.

## ఏడాది తిరిగాక

పాత కంప్యూటర్లు, ఏసీలు స్క్రాపువాడికి అమ్మేయొచ్చా?

వద్దు. రాగి తీగ కోసం బజారులో తొక్క కాల్చేస్తారు, ఏసీ గ్యాస్‌ను గాలికి వదిలేస్తారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైన రీసైక్లర్‌కే ఇవ్వాలి. బ్యాటరీలకు విడిగా నిబంధనలున్నాయి. ఇచ్చేముందు హార్డ్ డిస్కుల్లో డేటా తుడిచేయండి. స్టోర్ రూమ్‌లో దాచి ఉంచడం కూడా పరిష్కారం కాదు. బాగా పనిచేసేవి ఉంటే ముందు దగ్గర్లోని బడికి ఇచ్చే దారి చూడండి.

ఇంత తంటా ఎందుకు, మొక్కలు నాటేస్తే సరిపోదా?

బాగా ఎదిగిన చెట్టు ఏడాదికి సుమారు 20 కిలోల కార్బన్ డయాక్సైడ్ పీలుస్తుందని వేసుకుంటారు. ఒక్క పాత ఫ్రీజర్ 5 టన్నులకు 250 చెట్లు కావాలి, అవీ ఎదిగాక. మరి మధ్యలో ఎండాకాలాలు, మేకలు ఉన్నాయి. నీడకూ, పిట్టలకూ, కళ్లకూ తప్పకుండా నాటండి. కానుగ, వేప, చింత మన నేలకు అలవాటైనవి. కోనోకార్పస్ వద్దు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టినప్పుడు 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించి కాపాడిన సంగతి తెలిసిందే. ఉన్న చెట్టును నిలబెట్టడానికే అంత కష్టముంది.

కష్టపడ్డాం గానీ బిల్లు పెరిగింది. మనం ఫెయిలయినట్టేనా?

రూపాయలు కాదు, యూనిట్లు చూడండి. ధర మారి ఉండొచ్చు. మే నెలను ఏప్రిల్‌తో కాదు, నిరుటి మేతో పోల్చండి. కొత్త యంత్రం వచ్చిందా, శాంపిళ్లు పెరిగాయా అన్నది పక్కన రాసుకోండి. మాకు రెండో ఏడాది మొత్తం యూనిట్లు పెరిగాయి, కొత్త ప్రాజెక్టు వచ్చింది. రాత్రి రీడింగ్ మాత్రం తగ్గినచోటే ఉంది. నాకు ఆ అంకె చాలు.

మొదట్లో అందరూ ఉత్సాహంగా ఉన్నారు, ఇప్పుడు ఎవరూ పట్టించుకోవడం లేదు. ఏం చేయాలి?

పోస్టర్లు తీసేయండి, మూడో వారానికే ఎవరూ చదవరు. ఒకరిని తిట్టే పని కూడా పెట్టుకోవద్దు. రాత్రి రీడింగ్‌ను పొద్దున హాజరు పట్టీ పక్కన బోర్డు మీద పెద్దగా రాయండి, మాటలేం వద్దు. నిన్న 41, ఇవాళ 63 అని కనపడితే చాలు, పదిన్నరకల్లా ఎవరో ఒకరు వచ్చి "రాత్రి సెంట్రిఫ్యూజ్ గదిలో ఏసీ నాదే సార్" అంటారు.

దసరా సెలవులకు పది రోజులు మూస్తాం. ఏది ఆపాలి, ఏది ఆపొద్దు?

ఆపేవి: వాటర్ కూలర్లు, గీజర్లు, ఓవెన్లు, ప్రింటర్లు, కంప్యూటర్లు ప్లగ్గుతో సహా, ఖాళీ ఫ్రిజ్‌లు తుడిచి తలుపు తెరిచి. డిస్టిలేషన్ యూనిట్ నీళ్ల వాల్వు కూడా కట్టేయాలి, మా దగ్గర ఒకసారి కరెంటు ఆపి నీళ్లు మర్చిపోయారు. బతుకమ్మ ఆడి వచ్చేసరికి ఓవర్‌హెడ్ ట్యాంకు ఖాళీ.

ఆపకూడనివి: శాంపిళ్లున్న ఫ్రీజర్లు, ఇంక్యుబేటర్లు, వాటి స్టెబిలైజర్లు, అలారం, సీసీ కెమెరాలు. సర్వర్ ఆపాలా వద్దా అన్నది వాడేవాళ్లను ముందే అడిగి కాగితం మీద సంతకం తీసుకోండి. ఫ్రీజర్ తలుపు మీద ఇద్దరి ఫోన్ నంబర్లు రాయండి. వాళ్లిద్దరూ ఒకే ఊరికి ఒకే పెళ్లికి వెళ్లడం లేదని కూడా కనుక్కోండి.